నాపరాయి గుంత, మధ్యలో వేపచెట్టు దిబ్బ: తరచుగా అడిగే ప్రశ్నలు

బేతంచెర్ల నుంచి కొలిమిగుండ్ల దాకా, అక్కణ్ణుంచి తాడిపత్రి వైపో ఎర్రగుంట్ల వైపో, ఎటు పోయినా రోడ్డు పక్కన రాళ్ళ దిబ్బలు, వాటి వెనక నీళ్ళు నిండిన గుంతలు కనిపిస్తాయి. మా ఊరి గుంత కూడా అలాంటిదే, ఇళ్ళలో నేలకు పరిచే నాపరాయి తీసిన గని. పని ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నీళ్ళ మధ్యలో ఒక దిబ్బ, దాని మీద వేపచెట్టు, చూడటానికి చిన్న దీవిలా ఉంటుంది. దాని ఫోటోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక ప్రతి సెలవులకూ ఎవరో ఒకరు రావడం, అవే డౌట్లు అడగడం. మా నాన్న ఆ గనిలో బండలు లేపిన మనిషి. ఆయన దగ్గర విన్నవి, నేను చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి. ఊరి పేరు మాత్రం రాయడం లేదు, గుంత చుట్టూ కంచె పడేదాకా రాయను.

## బయలుదేరే ముందు

ఇది కర్నూలు జిల్లా కిందికి వస్తుందా, నంద్యాల జిల్లా కిందికా?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పటి నుంచి బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అవుకు అన్నీ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు కర్నూలు జిల్లా. పాత కాగితాల్లో, భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో కర్నూలు అనే ఉంటుంది, ఊళ్ళో పెద్దవాళ్ళూ ఇప్పటికీ అలాగే అంటారు. రాయికి జిల్లా హద్దు లేదు కాబట్టి ఇదే పొర కడప జిల్లాలోకీ అనంతపురం జిల్లా తాడిపత్రి వైపుకూ సాగిపోతుంది.

ఎప్పుడు వస్తే బాగా కనిపిస్తుంది?

రాయి చూడాలంటే ఏప్రిల్, మే. నీళ్ళు కిందికి దిగి గోడలో ఎక్కువ పొరలు బయటపడతాయి, కాకపోతే ఎండ తట్టుకోలేరు, పొద్దున ఎనిమిది లోపల వచ్చి వెళ్ళిపోవాలి. వానలు పడ్డాక గుంత నిండుగా కనిపిస్తుంది, కానీ అప్పుడు అంచు మట్టి నానిపోయి ఉంటుంది, నిలబడినచోటే జారుతుంది. నన్నడిగితే డిసెంబరు, జనవరి మంచిది.

అందులో ఈత కొట్టొచ్చా? నాకు ఈత బాగా వచ్చు.

వద్దు. ఈత రాని వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, వాళ్ళు దిగరు. దిగేది ఈత వచ్చినవాళ్ళే.

చెరువుకు గట్టు వాలుగా ఉంటుంది, అలసిపోతే కాలు ఆనుతుంది. గని గుంత అలా కాదు, గోడ నిట్టనిలువుగా కోసి ఉంటుంది. నీళ్ళ కింద మెట్లలాగా బండ అంచులు ఉంటాయి, మోకాటి లోతు ఉందనుకుని ఒక అడుగు వేస్తే తర్వాతి అడుగు ఇరవై అడుగుల లోతులో పడొచ్చు. బండ మీద పాచి సబ్బులా ఉంటుంది, చేత్తో పట్టుకుందామంటే జారిపోతుంది. పైన మూడు నాలుగడుగుల నీళ్ళు ఎండకు వెచ్చగా ఉంటాయి, దాని కింద ఒక్కసారిగా చల్లబడుతుంది, ఆ చలి తగిలిన క్షణంలో మనిషి గబుక్కున ఊపిరి పీలుస్తాడు, తల నీళ్ళ లోపల ఉంటే ఆ ఒక్క ఊపిరితోనే నీళ్ళు లోపలికి పోతాయి. అడుగున పాత ఇనుప తాళ్ళు, విరిగిన బండలు ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు.

మా వీధిలో ఒక పిల్లవాడు, పదహారేళ్ళు, చెరువులో అటూ ఇటూ ఈదేవాడు, ఈ గుంతలోనే పోయాడు. ఒడ్డు నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఎక్కడానికి పట్టు దొరకలేదు, అంతే. వాళ్ళమ్మ ఇప్పటికీ ఈ దారిలో నడవదు, పొలానికి చుట్టూ తిరిగి పోతుంది.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలి?

మీరు దూకకండి. తాడు, చీర, పంచె, లారీ ట్యూబు, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, ఏది చేతికి దొరికితే అది విసరండి. చీర విసిరేటప్పుడు మీరు నేల మీద పడుకుని పట్టుకోండి, నిలబడి లాగితే మీరూ పోతారు. వెంటనే 112కు గానీ 108కు గానీ ఫోన్ చేయించండి. బయటికి తీశాక కాళ్ళు పట్టుకుని తలకిందులు చేయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన దగ్గర పాత అలవాటు, దాంతో ఉన్న టైమ్ కాస్తా పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

## అంచున నిలబడ్డాక

మధ్యలో ఆ దిబ్బ ఎందుకు వదిలేశారు?

అందరూ మొదట అడిగేది ఇదే. ఆ వేపచెట్టు కింద నాగప్ప రాళ్ళు ఉన్నాయి. గని మొదలైనప్పుడు అది చేను గట్టు, నాగులకట్ట అక్కడే ఉండేది. చుట్టూ తవ్వుకుంటూ వచ్చారు కానీ చెట్టు మీద చెయ్యి వేయడానికి కూలీలు ఒప్పుకోలేదు. మొదట్లో ఒకవైపు మట్టి దారి ఉండేది, ఆడవాళ్ళు నాగుల చవితికి నడిచి వెళ్ళి పాలు పోసి వచ్చేవాళ్ళు. పని ఆగి మోటార్లు తీసేశాక నీళ్ళు ఊరి ఆ దారి మునిగిపోయింది. ఇప్పుడు ఒడ్డున నిలబడి దిబ్బ వైపు తిరిగి దండం పెట్టి, పాలు ఇటే పోస్తారు.

నాకు మాత్రం ఆ దిబ్బ ఇంకో కారణానికి అపురూపం. చెరువు తవ్వేటప్పుడు ఎంత లోతు తీశారో కొలవడానికి మధ్యలో మట్టి దిమ్మెలు వదులుతారు చూడండి, ఇదీ అలాంటిదే. ఇక్కడ ఒకప్పుడు నేల ఎంత ఎత్తులో ఉండేదో చెప్పేది అదొక్కటే. దాని పక్క చూస్తే పైన రెండు మూడడుగుల మట్టి, దాని కింద పసుపుపచ్చగా చిట్లిపోయిన రాయి, ఆ కింద బండలు ఒకదాని మీద ఒకటి, పుస్తకాలు పేర్చినట్టు. వేప వేళ్ళు మట్టి దాటి బండల మధ్య నిలువు పగుళ్ళలోకి దిగిపోయాయి. గుంతలోంచి పోయినవన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి, పోకుండా మిగిలింది ఆ దిబ్బలో ఉంది.

నీళ్ళు అంత నీలంగా ఉన్నాయేంటి, కెమికల్ ఏదైనా కలిసిందా?

కెమికల్ కాదు. సున్నపురాయి పొడి చాలా మెత్తగా నీళ్ళలో తేలుతూ ఉంటుంది, వెలుగు ఆ రేణువులకు తగిలి చెదిరినప్పుడు నీలం, ఆకుపచ్చ ఎక్కువగా మన కంటికి వస్తాయి. దానికి లోతు కూడా తోడవుతుంది. వాన పడ్డ వారం రోజులు మట్టి కలిసి ఎర్రగా ఉంటుంది, తేరుకున్నాక మళ్ళీ నీలం.

గోడ మీద గీతలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, ఎందుకు?

బాగా గమనించారు. పై పొరల్లో పొట్టిగా, ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నవి ఉలి దెబ్బలు. దగ్గరికెళ్ళి వేలు పెడితే ఒక్కొక్క దెబ్బ బొటనవేలి గోరంత గుంట. కింది పొరల్లో సన్నగా, తిన్నగా, గజం బద్ద పెట్టి గీసినట్టున్నవి మిషన్ కోతలు. అంటే పైనుంచి కిందికి చూస్తూ వస్తే చేతిపని ఎక్కడ ఆగిందో, మిషన్ ఎక్కడ వచ్చిందో ఆ గోడే చెబుతుంది. ఒకచోట ఉలి దెబ్బలు ఒక్కసారిగా ఎడమవైపుకు వాలి ఉంటాయి, అక్కడ పని చేసినాయన ఎడమచేతివాటం అని మా నాన్న చూపించారు.

బండ మీద చెట్టు కొమ్మల్లాంటి నల్ల బొమ్మలు ఉన్నాయి, అవి శిలాజాలా?

కావు, అయినా చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నీళ్ళలో కరిగిన మాంగనీసు, ఇనుము రెండు పొరల మధ్య సన్నటి సందులోకి పాకి, ఆరిపోయినప్పుడు అలా కొమ్మలు కొమ్మలుగా మిగులుతాయి. చలి ప్రాంతాల్లో కిటికీ అద్దం మీద మంచు ఆకుల్లా పేరుకుంటుందే, అదే తీరు. ఈ రాయి ఏర్పడినప్పుడు భూమి మీద చెట్లే లేవు.

## రాయి ఎలా పుట్టింది

ఇక్కడ నిజంగా సముద్రం ఉండేదా?

ఉండేది. లోతు లేని సముద్రం. నల్లమల కొండలు, ఎర్రమల కొండలు, నంద్యాల మైదానం, కడప దాకా అంతా కలిపి నెలవంక ఆకారంలో ఒక పెద్ద పల్లం, భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కడప బేసిన్ అంటారు. పొడవు సుమారు 440 కిలోమీటర్లు, విస్తీర్ణం 44 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. ఆ పల్లంలోకి సముద్రం వచ్చింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. తీరం దగ్గర ఇసుక పడితే అది ఇసుకరాయి అయింది, కాస్త లోపల బురద పడితే షేల్ అయింది, నీళ్ళు తేటగా ఉన్నచోట సున్నం అడుగున పేరుకుని సున్నపురాయి అయింది. మనం నడిచే నాపబండ ఆ చివరిదే.

ఈ రాయి ఎన్నేళ్ళ నాటిది?

కడప బేసిన్‌లో రాళ్ళు అన్నీ ఒకే వయసువి కావు. పులివెందుల దగ్గర పాత పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల ఒకటి ఉంది, దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళని లెక్క తేల్చారు. అది చొచ్చుకొచ్చిన పొరలు దానికన్నా పాతవే కదా. మన నాపరాయి వాటికన్నా చాలా చిన్నది, పైన ఏర్పడ్డ, కర్నూలు గ్రూపు అని పిలిచే పొరల వరుసలోది. చిన్నదంటే మన లెక్కలో కాదు, నత్తలు, గవ్వలు, చేపలు ఇంకా పుట్టని కాలం అది. అందుకే ఎన్ని బండలు తిరగేసినా ఒక్క గుల్ల కూడా కనిపించదు.

భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో మన ఊళ్ళ పేర్లు ఉన్నాయంటున్నారు, నిజమేనా?

నిజం, ఇది చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. విలియం కింగ్ అనే జియలాజికల్ సర్వే అధికారి కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక రాశారు, 1872లో అచ్చయింది. ఏ పొర ఏ ఊరి దగ్గర బాగా కనిపిస్తే ఆ ఊరి పేరు దానికి పెట్టడం ఆ శాస్త్రంలో ఆనవాయితీ. కింది నుంచి పైకి కర్నూలు గ్రూపు చెప్పమంటే మన బస్సు రూటు చదివినట్టే ఉంటుంది: బనగానపల్లె ఇసుకరాయి, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడ్డ ఇసుకరాయి), కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. మన నాపబండలు ఇందులో నార్జి పొర, ఆ నార్జి కడప జిల్లాలో పల్లెటూరు. ఇంకా పాత పొరల్లో వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట ఉన్నాయి, పాలకోవాకు పేరున్న గువ్వలచెరువు కూడా ఉంది, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి అది గుల్చేరు అయింది. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళయినా మన దేశపు రాళ్ళ గురించి చదివితే ఈ ఊళ్ళ పేర్లు పలకాల్సిందే. మన బళ్ళలో మాత్రం పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అది నాకు బాధ.

కోసినట్టు సమానంగా పొరలు ఎలా వస్తాయి? మార్కాపురం పలక కూడా ఇలాంటిదేనా?

సున్నం పేరుకునేటప్పుడు మధ్యమధ్యలో పలచగా బురద పడుతుంది. ఆ బురద గీత దగ్గర అతుకు బలహీనం, గడ్డపార మొన అక్కడే దూరుతుంది. రెండో కారణం, ఆ తర్వాత ఇన్ని కోట్ల ఏళ్ళలో ఈ ప్రాంతం పెద్దగా నలగలేదు, పొరలు దాదాపు పడుకున్నట్టే ఉండిపోయాయి. తూర్పున నల్లమల వైపు పోతే రాళ్ళు మడతలు పడి ఉంటాయి. మార్కాపురం పలక ఆ వైపుది, మెత్తటి బురద రాయి నొక్కుడుకు గురై పలకలుగా చీలే గుణం తెచ్చుకుంది. మనది సున్నపురాయి, అది బురద రాయి. రెండూ పొరలుగా వస్తాయి, పుట్టుక వేరు.

కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, అన్నీ ఒకటేనా?

జాతి ఒకటే, ఊరూ రంగూ వేరు. సముద్రం అడుగున సున్నంతో పాటు ఎంత నలుసు కలిసిందన్న దాన్ని బట్టి రంగు. కర్బనం కలిస్తే నల్లగా, ముదురు బూడిదగా వస్తుంది, కడప నల్ల బండ అలాంటిదే. ఇంకోచోట బూడిద, లేత ఆకుపచ్చ, ఇనుము తగిలినచోట పసుపు, గోధుమ. గనిలోంచి తీసిన బండ అంత నల్లగా ఉండదు, పాలిష్ పడితేనో తడిస్తేనో నలుపు తేలుతుంది.

గండికోట ఎర్రరాయి కూడా ఇదేనా? ఇసుకరాయో సున్నపురాయో తెలుసుకునేదెలా?

గండికోటది ఇసుకరాయి, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయిన రాయి. మన నాపరాయి కన్నా చాలా పాతది. ఆ రాయిని పెన్నా కోసుకుంటూ పోయి లోయ చేసింది, ఆ రాయితోనే కోట గోడ కట్టారు, కోటా లోయ గోడా ఒకే రంగులో కలిసిపోయి కనిపించడానికి అదే కారణం. అక్కడి బండల మీద అలలు అలలుగా గీతలుంటాయి, సముద్రం నీళ్ళు ఇసుక మీద వేసిన అచ్చు అలాగే రాయైపోయింది. ఈసారి వెళ్ళినప్పుడు కోట చూసి ఫోటో దిగి వచ్చేయకుండా ఒకసారి వంగి కాళ్ళ కింద చూడండి.

గుర్తుపట్టడానికి నిమ్మకాయ చాలు. రాయి మీద నాలుగు చుక్కలు పిండితే సున్నపురాయి సన్నగా నురగ పెడుతుంది, ఇసుకరాయి కదలదు. వంటింట్లో కడప బండ గట్టు మీద రాత్రి నిమ్మచెక్కో చింతపండో వదిలేస్తే పొద్దునకు తెల్లటి మచ్చ పడుతుందే, మా అమ్మ దాన్ని కొబ్బరినూనె రాసి కప్పిపుచ్చేది, అదంతా రాయిని పులుపు తినేయడం వల్లే. ఇంకో గుర్తు, గోరుతో కాదు గానీ మేకుతో గీస్తే సున్నపురాయి మీద తెల్ల గీత పడుతుంది, క్వార్ట్‌జైట్ మీద మేకే అరుగుతుంది.

ఈ గుంతల్లో వజ్రాలు దొరుకుతాయా?

దొరకవు. వజ్రాలున్నది బనగానపల్లె ఇసుకరాయి అడుగున గులకరాళ్ళు కలిసిన పొరలో, అది నాపరాయి కన్నా కింద. బనగానపల్లె చుట్టుపక్కల పాతకాలంలో ఆ పొర కోసమే ఇసుకరాయిలో గోతులు తవ్వారు. అనంతపురం జిల్లా వజ్రకరూరులో భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో జనం వెతికేది వేరే కథ. సున్నపురాయిలో వెతికితే దొరికేది సున్నమే.

బెలుం గుహలకూ ఈ రాయికీ సంబంధం ఉందా?

అదే నార్జి సున్నపురాయి. వాన నీళ్ళు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త ఆమ్లం పట్టుకుని పగుళ్ళలోకి దిగి, లక్షల ఏళ్ళపాటు రాయిని కరిగిస్తూ పోతే బెలుం అయింది. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాశారు, 1982, 83లలో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి మ్యాపు గీసింది. బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహలు కూడా సున్నపురాయివే, 1880లలో బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వి పాత జంతువుల ఎముకలు బయటికి తీశారు. నీళ్ళు తొలిచింది గుహ, మనిషి తొలిచింది గని.

## పని జరిగిన రోజులు

ఈ రాయిని ఎప్పటి నుంచి వాడుతున్నారు?

మా ఊరి గనికి వయసు మా తాతల కాలం దాకానే. కానీ ఈ రాయిని మనిషి ముట్టుకున్న కాలం వేరు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది, అక్కడ జుర్రేరు వాగు పక్కన భూమి లోపల తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కింద ఇండోనేషియాలో సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడ్డ బూడిద అది. ఊళ్ళోవాళ్ళు దాన్ని గిన్నెలు తోమే పొడికి తవ్వి అమ్మేవాళ్ళు, అలా తవ్విన గోతుల్లోనే పరిశోధకులకు బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి, 2007లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఆ పనిముట్లలో సున్నపురాయితో చేసినవీ ఉన్నాయి. సిమెంటు, పాలిష్ ఇవన్నీ రాకముందు మన ఊళ్ళలో ఇంటి కప్పు, గోడ, గొడ్ల కొట్టం, చేనికి కంచె, బావి మెట్లు, అన్నీ ఈ బండే. కొలిమిగుండ్ల వైపు ఇప్పటికీ చేల చుట్టూ నిలువు బండలు పాతి ఉంటాయి, చూడండి.

బండను పగలకుండా ఎలా లేపుతారు?

ముందు పైమట్టి తీసేయాలి, తర్వాత ఎండకూ వానకూ చిట్లిన పై పొరలు తీసి పారేయాలి. రోడ్డు పక్కన మీరు చూసే దిబ్బలన్నీ అవే, అమ్మిన రాయికన్నా పారేసిన రాయి ఎక్కువ. మంచి పొర వచ్చాక దాన్ని చీపురుతో ఊడ్చి, దారం పట్టి గీత గీసి, పూర్వం ఉలితో, ఇప్పుడు పట్టాల మీద నడిచే మిషన్ బ్లేడుతో ఆ గీత వెంట కోస్తారు. నాలుగు వైపులా కోత అయ్యాక అంచున పొర సందు చూసి గడ్డపార మొన పెట్టి మెల్లగా ఎత్తాలి. బలం పని కాదు అది. ఒకేచోట ఎత్తితే మధ్యలో విరుగుతుంది, ఇటు కాస్త, అటు కాస్త, రాయి వదులైందని చేతికి తెలిసేదాకా. వదిలేటప్పుడు లోపల గాలి దూరి ‘ఫుస్’మని చిన్న చప్పుడు వస్తుంది. లేపాక సుత్తితో తడతారు, ఖంగుమంటే మంచి బండ, బొదబొదమంటే లోపల పగులుంది.

బరువు సంగతి చెప్పాలి. రెండడుగుల చదరం, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న బండ దాదాపు 38 కిలోలు. నాలుగడుగులకు రెండడుగులదైతే రెట్టింపు. అలాంటివి రోజంతా వీపు మీద, భుజం మీద మోసి లారీకి ఎత్తారు, ఆడవాళ్ళు కూడా. మన ప్రాంతంలో రాతిపని తరతరాలుగా వడ్డెరలు చేసింది, తర్వాత అన్ని కులాల కూలీలూ చేరారు. మీ ఇంట్లో చల్లగా ఉన్న ఆ బండ మీద మధ్యాహ్నం పడుకున్నప్పుడు దాన్ని మోసినవాళ్ళ నడుము ఇప్పుడెలా ఉందో ఒక్కసారి అనుకోండి. మా నాన్న వంగి చెప్పు తొడుక్కోలేరు.

గనిలో పని చేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయంటారు, నిజమా?

దుమ్ము ఏదైనా చెడ్డదే. అన్నిటికన్నా ప్రమాదం ఇసుకరాయి, క్వార్ట్‌జైట్ దుమ్ము, అందులో సిలికా ఎక్కువ, దాంతో వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. సున్నపురాయిలో సిలికా తక్కువ కానీ అసలు లేదని కాదు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు లేవదు. గుడ్డ కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు, ఊపిరితిత్తుల లోతుకు పోయే రేణువు గుడ్డ సందులోంచి సులువుగా దూరుతుంది. పాత పనివాళ్ళకు ఆయాసం, పొడిదగ్గు ఉంటే డాక్టరుకు గనిలో పనిచేసిన సంగతి తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే టీబీ అనుకునే వీలుంది.

అంత బాగా నడిచిన గని ఎందుకు ఆగిపోయింది?

ఒక్క కారణం కాదు. లోతు పోయేకొద్దీ ఊట నీళ్ళు, రాత్రీ పగలూ మోటార్లు పెట్టాలి, కరెంటు బిల్లు బండల్లోంచి రావాలి. పక్కకు పోదామంటే పైమట్టి మందం పెరిగింది. ఈలోగా టైల్స్ వచ్చాయి, ఊళ్ళో కొత్త ఇల్లు కట్టేవాళ్ళే బండ వద్దని టైల్స్ వేయించుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఒక వానాకాలం నీళ్ళు నిండాయి, మళ్ళీ తోడించలేదు. కూలీలకు ఎవరూ ఏమీ చెప్పలేదు, సద్ది కట్టుకుని వెళ్ళి, మోటారు గది తాళం చూసి తిరిగొచ్చారు.

## మూతపడ్డాక

ఆ గుంత ఇప్పుడు ఎవరిది? కంచె ఎవరు వేయాలి?

ముందు సర్వే నంబరు కనుక్కోండి, అడంగల్, 1బి తీస్తే పట్టా భూమో ప్రభుత్వ భూమో తెలుస్తుంది. లీజు ఎవరి పేరున ఉండిందో గనుల శాఖ ఆఫీసులో రికార్డు ఉంటుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం, దాని కింద వచ్చిన 1961 నిబంధనల ప్రకారం వదిలేసిన గని అంచున కంచె ఉండాలి, అది యజమాని బాధ్యత. ఆరు మీటర్ల లోతు దాటకుండా, యాభై మందికి మించకుండా, పేలుడు మందు వాడకుండా నడిచిన చిన్న గనులకు ఆ చట్టంలో చాలా సెక్షన్లు వర్తించేవి కావు, ఆ కారణం చెప్పి తప్పించుకునేవాళ్ళు ఉంటారు. అందుకని లోతు కొలిచి, ఫోటో తీసి పెట్టుకోండి. అర్జీ సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి. మేము రెండుసార్లు ఇచ్చాం, మూడోది రాస్తున్నాం. ఈలోపు మేమే దిబ్బ రాళ్ళతో దారివైపు నడుమెత్తు గోడ పేర్చాం, సిమెంటు లేకుండా.

ఆ నీళ్ళు తాగొచ్చా? పొలానికి పెట్టొచ్చా?

పరీక్ష చేయించకుండా తాగొద్దు. సున్నపురాయి నీళ్ళు కాబట్టి కాఠిన్యం ఎక్కువగా ఉంటుంది, అలాంటి నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు, సబ్బు నురగ రాదు. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలని మన దేశపు ప్రమాణం, వేరే దారి లేకపోతే 600 వరకు. పొలానికి మోటారు పెట్టి వాడుకునేవాళ్ళు ఉన్నారు. పాలిష్ ఫ్యాక్టరీ తెల్లబురద పోసిన గుంత అయితే మాత్రం దూరంగా ఉండండి, ఆ బురద చేలో పడితే ఆరి గచ్చులా గట్టిపడుతుంది, నీళ్ళు కిందికి ఇంకవు.

పూడ్చేస్తే పోదా?

కొన్నిటిని పూడ్చాలి, ముఖ్యంగా బడి పక్కన, ఇళ్ళ పక్కన ఉన్నవాటిని. చుట్టూ ఉన్న రాళ్ళ దిబ్బలతోనే చాలావరకు నింపొచ్చు, పైన మట్టి పరిచి చెట్లు పెట్టొచ్చు. ఊరి చెత్త మాత్రం వేయనివ్వకండి. సున్నపురాయి నిండా పగుళ్ళే, అందులో పడ్డ మురికి మట్టిలో వడకట్టినట్టు వడకట్టుకోదు, నేరుగా బోర్లలోకి పోతుంది. మా గుంతను పూడ్చాలని నేను అనను, ఒకవైపు వాలుగా దిగే దారి చేసి, మిగతా మూడువైపులా కంచె వేయమంటాను.

మా ఊళ్ళోనూ పాత గని ఉంది, దాని చరిత్ర రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితాల దగ్గర కాదు, మనుషుల దగ్గర. అరవై దాటిన పనివాళ్ళు ఇంకా ఉన్నప్పుడే వెళ్ళండి. ‘గని గురించి చెప్పు పెద్దాయనా’ అంటే ఏమీ చెప్పరు, ‘ఏముంది నాయనా, రాళ్ళు మోసినాం’ అంటారు. చిన్నచిన్నవి అడగండి: మొదటి రోజు కూలి ఎంత, సద్ది ఎక్కడ కూర్చుని తినేవాళ్ళు, ఉలి ఎవరు సానపెట్టేవాళ్ళు, ఎవరికి దెబ్బ తగిలింది, బండలు ఏ ఊరికి పోయేవి. వీలైతే అంచుదాకా తీసుకెళ్ళి గోడ చూపిస్తూ అడగండి, కళ్ళ ముందు ఉంటే మాట వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేయండి.

నేను మా నాన్నను అలాగే తీసుకెళ్ళాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దిబ్బ వైపు చెయ్యి చాపి, మట్టి కింద నుంచి వేలితో ఒక్కో పొరా లెక్కపెట్టుకుంటూ పోయి, నీళ్ళకు జానెడు పైన ఆగి, ‘పన్నెండోది. దాన్ని తడితే గుడిగంటలాగా మోగేది. మనింట్లో పొయ్యి గట్టుకు వేసింది అదే’ అన్నారు.